మాటకి కుట్టిన ప్యాంటు

అయ్యలారా, అమ్మలారా, ముందు వరసలో కూర్చున్న మాస్టారి ఇల్లాలు, మా వదినగారూ!

మన టైలరు మాస్టారు పోయి పది రోజులైంది. ఆయన పక్క కొట్లో వాచీలు బాగుచేసుకునే నన్ను ముందు మాట్లాడమన్నారు. నాకు మాట్లాడటం రాదు. తొమ్మిదేళ్లుగా పొద్దున్నే ఆయన వెనకాల పరిగెత్తడం ఒక్కటే వచ్చు. ఈ పది రోజులూ అదీ మానేశాను. ఆయన లేకుండా గుమ్మం దాటడానికి కాళ్లు రాలేదు. ఇక ఈ జన్మకి పరిగెత్తలేనేమో అనిపించింది.

"ఈ వయసులో పరుగులేంటి, అందుకే పోయాడు" అంటున్నారట కొందరు. అయ్యా, యాభై ఎనిమిదేళ్లప్పుడు, ఇలాగే కదలకుండా కూర్చుంటే అని డాక్టరు ఆయనకిచ్చిన గడువు రెండేళ్లు. పోయింది డెబ్బై నాలుగేళ్లకి, మంచం మీద, నిద్రలో. మరి మిగతా పద్నాలుగేళ్లు ఎవరిచ్చారు? మీరిచ్చారా?

పరుగుకి ముందు మాస్టారు ఎలాంటివారో పాతవాళ్లకి తెలుసు. కుట్టుపనిలో చేయి తిరిగినవారు. అబద్ధంలో అంతకన్నా చేయి తిరిగినవారు. "రేపు రండి, కాజాలే మిగిలాయి" అనేవారు. అప్పటికి గుడ్డకి కత్తెర కూడా తగిలి ఉండేది కాదు! ఆ కొట్టు చుట్టూ తిరిగి చెప్పులు అరగనివాళ్లు ఇక్కడ ఎవరైనా ఉన్నారా? చెయ్యెత్తండి. చూశారా!

డాక్టరు పరిగెత్తమన్నాక నెల రోజులు "రేపటి నుంచి" అని తనకి తనే చెప్పుకున్నారట. ఒకరోజు నాతో, "జనానికి నేను చెప్పే అబద్ధం నాకే ఎవరో చెప్తున్నట్టుందిరా తమ్ముడూ. ఒళ్లు మండిపోతోంది!" అన్నారు. మర్నాడు పరిగెత్తారు. ఆ వారం నుంచే గురువారం ఇస్తానంటే గురువారమే ఇచ్చేవారు. ఏం లాభం? ఒక్కరూ నమ్మలేదు. ఆయన బట్టలన్నీ ఇస్త్రీ చేసి పెట్టుకుని కూర్చుంటే, మనవాళ్లు వారం తర్వాత తీరిగ్గా వచ్చేవారు. అప్పుడు ఆయనే వాళ్లని తిట్టేవారు!

ఇక నా సంగతి. మా అబ్బాయి పెళ్లికి ఐదు నెలల ముందు ప్యాంటుకి కొలతలిచ్చాను. ఇచ్చి ఊరుకోవచ్చుగా? "సోమవారం నుంచి నేనూ పరుగుకి వస్తాను, పెళ్లికి నడుం తగ్గిస్తాను మాస్టారూ" అన్నాను. ఒక్క సోమవారం వెళితే ఒట్టు. తీరా పెళ్లిరోజు వేసుకుంటే, నడుం దగ్గర నాలుగంగుళాలు తక్కువ! ఫోన్లో అరిచాను. ఆయన తాపీగా, "నీ నడుముకి కాదురా, నువ్విచ్చిన మాటకి కుట్టాను" అన్నారు. పిన్నీసులు పెట్టుకుని పెళ్లంతా నిలబడే చూశాను. ఆ మర్యాదకి వియ్యంకుడు మురిసిపోయాడు.

మర్నాడు ఆయన్ని కొడదామని వెంటపడ్డాను. దొరకలేదు. రెండో రోజూ దొరకలేదు. అలా మొదలైంది నా పరుగు. ఏడాదికి ఆ ప్యాంటు పట్టింది. నా మీద నాకే నమ్మకం లేని రోజుల్లో నా మాట నమ్మి గుడ్డ కత్తిరించిన మనిషి ఆయనొక్కరే. అన్న పోయినట్టుంది నాకు.

ఇవాళ మా ఆవిడ బండి మాట్లాడతానంది. వద్దన్నాను. మా ఇంటి నుంచి ఈ హాలుకి నాలుగు కిలోమీటర్లు. ఒక్కణ్నే పరిగెత్తుకుంటూ వచ్చాను. దారంతా ఏడ్చాను, కానీ ఆగలేదు.

ఇక అందరం లేచి, మాస్టారి కోసం రెండు నిమిషాలు నోరు మెదపకుండా నిలబడదాం. మధ్యలో ఎవరిదైనా ఆయాసం వినబడితే అది నాదే. ఏమీ అనుకోకండి.