బల్ల తట్టించుకున్న గురువు: శ్రీమతి వసంతలక్ష్మి గారు

2001 ఆగస్టు ఇరవయ్యో తేదీ, సోమవారం ఉదయం, ట్రాయ్ నగర సమీపంలోని మా కమ్యూనిటీ కాలేజీ గణిత విభాగంలో శ్రీమతి వసంతలక్ష్మి గారు సంఖ్యాశాస్త్ర అధ్యాపకురాలిగా బాధ్యతలు స్వీకరించారు. అప్పటికే తెనాలిలోని ఒక మహిళా కళాశాలలో రెండు దశాబ్దాలు అదే శాస్త్రాన్ని బోధించి, వందలాది విద్యార్థినుల మన్ననలు పొంది, భర్త ఉద్యోగరీత్యా మిషిగన్ చేరి, ఈ వయసులో మళ్ళీ చదువేమిటని నలుగురూ అంటున్నా వినక ఇక్కడ మరొక మాస్టర్స్ పట్టా సాధించి వచ్చిన విదుషీమణి వారు. భౌతికశాస్త్రం చెప్పే నేను వారికి పక్క గదివాణ్ణి. మొదటిరోజు నన్ను చూసి తెలుగువాణ్ణని గ్రహించి వారు అడిగిన తొలి ప్రశ్న నాకింకా గుర్తుంది. "రావుగారూ, ఇక్కడ చాక్‌పీస్ ఉండదట, అంతా మార్కరేనట. చేతికి దుమ్ము అంటకుండా పాఠం చెప్పడం నాకు వస్తుందంటారా?" అన్నారు.

వచ్చింది. తొలి మూడేళ్ళు తాత్కాలిక అధ్యాపకురాలిగా, ఉదయం ఒక ప్రాంగణంలో, మధ్యాహ్నం మరొక ప్రాంగణంలో, మంచు పడినా మానకుండా కారు నడుపుకుంటూ పాఠాలు చెప్పారు. 2004లో పూర్తికాల నియామకం లభించింది. శాశ్వత నియామకం మాత్రం మరికొన్నేళ్ళ తర్వాత ఒక సంఘం పరిశీలించి నిర్ణయించవలసిన విషయం. ఆ పరిశీలన దగ్గరపడుతున్న 2007లో, వారి జీవితంలోకి ఒక వెబ్‌సైట్ ప్రవేశించింది.

విద్యార్థులు తమ పేరు చెప్పకుండా అధ్యాపకులకు మార్కులు వేసే సైట్లు అప్పటికే ప్రబలంగా ఉన్నాయి. ఈ సంగతి మా తరం వారికి ఆలస్యంగా తెలిసింది. వసంతలక్ష్మి గారి కుమార్తె మీనా ఆ ఏడు వేరొక విశ్వవిద్యాలయంలో చదువుతూ, సెలవులకు ఇంటికి వచ్చి తల్లి పేరు వెతికింది. "అమ్మా, నువ్వు ఇది చూడద్దు. కానీ చూడాలి. ఎవ్రీబడీ ఇది చూసే క్లాస్ పిక్ చేస్తారు" అందట పాపం, ఏం చెప్పాలో తెలియక. అక్కడ ఉన్నవి మూడే వ్యాఖ్యలు. ఉచ్చారణ అర్థం కాదని ఒకటి. హోంవర్క్‌తో చంపుతుందని ఒకటి. మూడోది చదివితే ఇప్పటికీ నాకు ఒళ్ళు మండుతుంది: "ఈవిడ మనకు చెప్పదు, బోర్డుకు చెబుతుంది. ఈ క్లాసు తీసుకోకండి."

అన్నట్టే తర్వాతి సెమిస్టర్‌కు వారి తరగతిలో చేరేవారు సగానికి తగ్గిపోయారు. కనీస సంఖ్య దాటకపోతే తరగతి రద్దవుతుంది. తరగతులు రద్దయ్యే అధ్యాపకురాలిని ఏ సంఘం శాశ్వతం చేస్తుంది? విభాగాధిపతి మర్యాదగానే ఈ మాట చెప్పి వెళ్ళారు. నాకు కోపం ఆగలేదు. లాయర్‌ను పట్టుకుందామన్నాను, సైట్ మీద దావా వేద్దామన్నాను, ఆ రాసినవాడెవడో నాకు తెలుసన్నాను. నిజంగానే తెలుసు, ఆ వాక్యం తీరు నా తరగతిలోనూ విన్నదే. పేరు నోటి దాకా వచ్చేసరికి వారు రెండు చెవులూ మూసుకున్నారు. "చెప్పకండి రావుగారూ! ఎవరో తెలిస్తే ఆ పిల్లవాడి పేపరు దిద్దేటప్పుడు నా చెయ్యి సరిగ్గా నిలవదు. కోపం మీది, పేజీ నాది. కాసేపు నన్ను దాన్ని చూసుకోనివ్వండి" అన్నారు. అంతటితో నా నోరు మూతపడింది.

అయితే మనవాళ్ళ నోళ్ళు మూతపడలేదు. వసంతలక్ష్మి గారి ఇంట శనివారం భోజనాలకు వచ్చే మిత్రబృందం ఒకటుండేది. కార్ల కంపెనీలో ఇంజనీరు సత్యం గారు దానికి పెద్ద. దగ్గరి విశ్వవిద్యాలయంలో మాస్టర్స్ చదివే నిశాంత్ వంటి కుర్రాళ్ళు, అమ్మాయిలు దాని బలగం. మేడమ్‌కు కష్టం వచ్చిందని తెలియగానే వీరందరూ ఒకరోజు సత్యం గారి బేస్‌మెంట్‌లో చేరి, ఎవరి లాప్‌టాప్ వారు తెరిచి, ఏకధాటిగా అయిదు నక్షత్రాల వర్షం కురిపించారు. గౌరవనీయులైన మేడమ్ గారు మాకు తల్లివంటివారని ఒకరు, ఏ రకం విద్యార్థికైనా సహాయపడతారని ఒకరు, మేడమ్ భర్తగారు కూడా చాలా మంచివారని ఒకరు. సంఖ్యాశాస్త్రం చెప్పే మనిషిని థర్మోడైనమిక్స్‌లో తిరుగులేదని మెచ్చుకున్న మహానుభావుడూ ఉన్నాడు. ఒకమ్మాయి ఏకంగా పులిహోరను ప్రస్తావించింది. అందరూ ఒకే సాయంత్రం, ఒకే ఊపులో, ఒకే భాషలో! వీరిలో ఒక్కరూ వారి తరగతిలో అడుగు పెట్టలేదు.

మరునాటికల్లా ఎవరో అసలు విద్యార్థి వాటి కింద రాశాడు: "ఈ మెచ్చుకోళ్ళన్నీ ఒకే వంటింట్లో తయారైనట్టున్నాయి." ఈ వార్త విభాగాధిపతి బల్ల మీదికి చేరింది. మొదట ఉన్నది బాగా చెప్పరన్న ఆరోపణ మాత్రమే. ఇప్పుడు తన గురించి తానే రాయించుకున్నారన్న అనుమానం తోడయింది. ఇరవై ఏళ్ళకు పైగా పిల్లల జవాబు పత్రాల్లో కాపీ పట్టుకున్న మనిషికి అంతకంటే అవమానం ఏముంటుంది? ఆరోజు వారు స్టాఫ్ రూమ్‌లో కాఫీ చేతిలో పట్టుకుని, తాగకుండా, చల్లారేదాకా కూర్చున్నారు.

ఆ శనివారం అందరినీ భోజనానికి పిలిచారు, లాప్‌టాప్‌లు తెచ్చుకోమన్నారు. నేనూ వెళ్ళాను. గుత్తివంకాయ కూర ఘుమఘుమలాడుతోంది, గిన్నెల మీద మూతలు మాత్రం తీయలేదు.

"ముందు మీరు పెట్టినవి తీసేయండి. తర్వాతే వడ్డన" అన్నారు.

సత్యం గారు కంగారుపడ్డారు. "అదేంటండీ వసంతగారూ! ఊరికే కూర్చుంటే జాబ్ పోతుంది కదండీ. రివ్యూ కమిటీ ఏం చూస్తుందండీ, రేటింగే కదా!"

"హెల్ప్ చేద్దామనే కదా ఆంటీ, ఫైవ్ స్టార్స్ ఇచ్చినం. తప్పేముంది?" అన్నాడు నిశాంత్.

"నువ్వు ఎప్పుడైనా నా క్లాసులో కూర్చున్నావా నాన్నా?"

"లేదాంటీ."

"మరి నాకు మార్కులెలా వేశావు? నువ్వు రాయని పరీక్షకు నేను నీకు మార్కులు వేసేస్తే ఊరుకుంటావా?"

వాడు "ఊరుకుంట ఆంటీ. థాంక్స్ గూడ చెప్త" అన్నాడు. ఇల్లంతా ఘొల్లుమంది, వసంతలక్ష్మి గారూ నవ్వారు. కానీ మూతలు తీయలేదు. "నా తరగతిలో కూర్చున్నవాళ్ళు తిట్టినా అది నాది. కూర్చోనివాళ్ళు పొగిడినా అది నాకొద్దు" అన్నారు. అందరూ తలలు వంచుకుని ఎవరు పెట్టింది వారు తొలగించారు. పులిహోర అమ్మాయి మాత్రం, "ఆ ఒక్క ముక్క నిజమే కదా ఆంటీ" అని గొణిగి, చివరికి అదీ తీసేసింది. ఆ తర్వాత వడ్డించిన వంకాయ కూర గురించి నేను ఎక్కడా రాయను, నాకు భయం.

సోమవారం తరగతిలో వారు ఆ పేజీని తెర మీద చూపించి, మొదటి మూడు వ్యాఖ్యలనూ పైకి చదివారట. ఎవరు రాశారని అడగలేదు. ఇందులో ఏది నిజమని అడిగారు. ముందు వరుసలోని ఒక అమ్మాయి, బోర్డు సంగతి నిజమేనండీ అని ఒప్పుకుంది. తెనాలిలో ఎనభైమంది పిల్లలు నోట్సు రాసుకునే హాలులో, రాస్తూనే చెప్పడం, చెబుతూనే రాయడం వారికి అలవాటయిన పద్ధతి. చెయ్యి ఆగితే పిల్లల కలాలు ఆగుతాయని అక్కడ దాన్ని గొప్పగా చెప్పుకునేవారు. ఇక్కడి పిల్లలు ముఖం చూసి పాఠం వింటారు. ఇన్నేళ్ళుగా వాళ్ళకు కనబడింది మేడమ్ జడ మాత్రమే!

అప్పుడు పెట్టారు ఆ నియమం. తాను బోర్డు వైపు తిరిగి మాట్లాడడం మొదలుపెడితే, విద్యార్థులెవరైనా బల్ల మీద తట్టాలి. మొదటి వారం పక్క గదిలో నాకు తబలా కచేరీయే వినబడింది. నా పాఠం సాగక విసుక్కున్నాను కూడా. నెల తిరిగేసరికి చప్పుడు పల్చబడింది. సెమిస్టర్ చివరకు ఎప్పుడో ఒకసారి టక్కుమనేది.

ఆ సైట్‌లో అధ్యాపకులు జవాబు రాసే వీలుండేది. నేను ఉత్సాహంగా నాలుగు పేజీల చిత్తుప్రతి తయారుచేసి ఇచ్చాను, ప్రతి వాక్యంలోనూ ఒక కొరడా దెబ్బ ఉండేట్టు. వారు ఓపికగా చదివి, పక్కన పెట్టి, తన పేరుతో తానే రాశారు. దాని సారాంశం ఇది: "మీరు రాసినవి చదివాను. బోర్డు గురించి చెప్పింది నిజం, మార్చుకున్నాను. నా ఉచ్చారణ ఈ వయసులో మారదు. కాబట్టి కొత్త పదం ప్రతిదీ రాసి చూపిస్తాను, అర్థం కాకపోతే ఆపండి. హోంవర్క్ తగ్గించను. నా గది తలుపు తెరిచే ఉంటుంది." ఇందులో బతిమాలడం లేదు, సంజాయిషీ లేదు, కసి అసలే లేదు.

2008 వసంతంలో సంఘం ముందు వారు ఏదీ దాచలేదు. పొగడ్తలు రాసినవారు నా ఇంట భోజనం చేసినవారు, వారి చేత నేనే తీయించాను, పేర్లు చెప్పను అన్నారు. సంఘం ఒక ఏడాది వాయిదా వేసింది. నేను మండిపడ్డాను. వారు మాత్రం, "మంచిదే లెండి, ఇంకో ఏడాది తట్టించుకుంటాను" అన్నారు. 2009లో శాశ్వత నియామకం ఏకగ్రీవంగా లభించింది.

తదనంతరం కొత్తగా చేరిన అధ్యాపకులెందరో, తమ గురించి ఆన్‌లైన్‌లో ఏదో చదివి ముఖం వేలాడేసుకుని వారి గదికి వచ్చేవారు. చదివిన రోజున జవాబు రాయవద్దని, ఒకరికొకరు తెలియని ఇద్దరు ముగ్గురు ఒకే మాట అంటే దాన్ని తప్పక పట్టించుకోమని, ఒంటినీ రంగునూ యాసనూ ఎగతాళి చేసిన రాతను చదివిన చోటే వదిలేయమని, రాసినవారిని వెతకనే వద్దని చెప్పేవారు. సెమిస్టర్ సగంలో మీరే పిల్లలను అడిగితే, చివర్లో వాళ్ళు ఊరందరికీ చెప్పనక్కరలేదు కదా అనేవారు. ఆ మాటతో మా కళాశాలలో అలా అడగడం ఇప్పుడు ఆనవాయితీ అయింది. గొంతు పెంచి పాఠం చెప్పే నేను కూడా అడిగాను. నా పిల్లలేమన్నారో ఈ సంచికకు అనవసరం.

వారి పదవీ విరమణ సందర్భంగా ఈ అభినందన రాయమని నన్ను కోరినప్పుడు నాకొక చిక్కు వచ్చింది. పద్నాలుగేళ్ళుగా వారి ఇంట భోంచేస్తున్నాను; వారి తరగతిలో ఒక్కనాడూ కూర్చోలేదు. వారి నియమం ప్రకారం నా పొగడ్త చెల్లదు. అందుకని ఈ 2015 వసంత సెమిస్టర్ అంతా, అనుమతి అడిగి, వెనుక వరుసలో కూర్చుని సంఖ్యాశాస్త్రం విన్నాను. హోంవర్క్ కూడా చేశాను. అది నిజంగానే ఎక్కువ.

చివరి తరగతి రోజున పాఠం పూర్తయ్యాక, వారు బోర్డు తుడవడానికి అటు తిరిగారు. తుడవడం అయిపోయింది. ఇటు తిరగలేదు. అటు తిరిగే, ఖాళీ బోర్డుకే, మీరందరూ బాగా చదువుకోండి అని ఏదో చెబుతున్నారు. బల్లల మీద చేతులున్నాయి. ఎవ్వరూ తట్టలేదు.

కాసేపటికి వారే కళ్ళు తుడుచుకుని ఇటు తిరిగి, "తట్టాలి కదా, నియమం మరిచిపోయారా?" అన్నారు. అప్పుడు తట్టారు, గది గదంతా, నాతో సహా, అరచేతులు ఎర్రబడేదాకా.

తరగతిలో కూర్చున్న విద్యార్థిగా, నా పేరుతో, నేను ఇస్తున్న వ్యాఖ్య ఇది: వీరు మనకే చెబుతారు. ఈ తరగతి తీసుకోవలసింది. ఇక వీలులేదన్నదే నా బాధ. శ్రీమతి వసంతలక్ష్మి గారు సంపూర్ణారోగ్యంతో, భర్తతోనూ మీనాతోనూ, శనివారం వడ్డనలతో నిండు నూరేళ్ళు హాయిగా వర్ధిల్లాలని, ఎప్పుడైనా మా వైపు వీపు తిప్పితే బల్ల తట్టే హక్కు మాకు ఉంచాలని మనసారా కోరుకుంటున్నాను.

— వీరభద్రరావు, భౌతికశాస్త్ర విభాగం