ఒత్తుగా పెరిగిన చెట్లు

ఒకప్పుడు కాలిపోయిన అడవిలో, తాను నాటి పెంచిన లేత చెట్లకు అడ్డంగా అత్త నిలబడింది. ఎదురుగా గొడ్డలితో మేనల్లుడు ఉన్నాడు. అడవి మంటలు ఆర్పడం అతని ఉద్యోగం.

“ఆ మంటల్లో మీ మామయ్య ప్రాణం పోయిన చోటురా ఇది. ఆయన గుర్తుగా పెంచుకున్నాను. సగం కొట్టేస్తానంటే ఎలా?”

“మరీ ఒత్తుగా నాటావత్తా. మళ్లీ నిప్పంటుకుంటే ఒకదాన్నుంచి ఒకదానికి పాకి ఊరిదాకా వస్తుంది.”

“నా గోడు నీకు పట్టదు.”

“పట్టకపోతే అడక్కుండానే కొట్టేసేవాణ్ణి కదా!”

ఆమె కళ్లు తుడుచుకుంది. “ఆ రోజు మామయ్య ఎందుకు బయటపడలేకపోయాడురా?”

“పొదలు అడ్డొచ్చాయి. దారి దొరకలేదత్తా.”

“ఈసారి అంటుకుంటే లోపలికెళ్లేది నువ్వేగా?”

అతను అవునన్నట్టు తలూపాడు.

“అయితే కొట్టరా. నువ్వు పరిగెత్తుకుంటూ బయటికొచ్చేంత వెడల్పుగా దారి కొట్టు.”