గాలి చొరని అర్ర

హలో… అవ్ శివానీ, అమ్మనే. ల్యాబుల ఉన్నవా?… జర బయటికి రా. గా సీసలల్ల పురుగులు యాడికీ పోవు, నువ్వు సాదుకునేటియే గద.

ఏం కాలే… కాలే అంటున్న గద! నా గొంతు గట్లనే ఉంటది. పుట్టినకాడి నుంచి నాకు ఫికరే.

మీ బాపు సంగతి. దగ్గు పట్టింది… వానలు పడ్డకాడి సంది. చెరువుల వలకు పోతలేడు. మాపటేలైతే ఒళ్లు కాలుతది… అవ్, బక్కగైండు. నడుముకు లుంగీ నిలుస్తలేదు… నేను చెప్తే ఇంటడా? సర్ది అంటడు. షుగరు గోళీలు గూడ యాదికుంటే మింగుతడు, లేకుంటే లేదు.

అదే… నువ్వన్న మాటనే నా కడుపుల గూడ ఉన్నది. నోట్లకెళ్లి రానిస్తలే. కని టీబీ నువ్వు బడికి పోయేటప్పుడే వచ్చి పోయె గద! మందులన్ని మింగిండు. తగ్గిందని డాక్టరే చెప్పె.

పోలేదా?

పండుకున్నదా? గిన్నేండ్లా? లోపల్నే?

నాకు సమజయ్యేటట్టు చెప్పు… ఆ… దాని చుట్టు మన ఒళ్లే గోడ కడతది… గోడ లోపట గాలి అందదు… అందకుంటే చావాలె గద!… జీన్లా? అవేంది?… పుట్టుకతోనే దాంట్ల రాసి ఉన్న గుణాలు. మంచిది… గాలి తక్కువైందని తెల్వంగనే ఒకటి లేశి మిగిలినయాటిని లేపుతది… తిండి తగ్గిస్తది, పెరుగుడు ఆపుతది… మందు గూడ సరిగ ఎక్కదా? అమ్మో! గంత ఓపిక దానికి ఎవరు నేర్పిన్రు?… నువ్వు సీసకు మూతవెట్టి చూసేది గిదేనా, చావకుంట ఎట్ల ఉంటదనా?… మనిషి ఒంట్ల బలం తగ్గితే, షుగరొస్తే… మల్ల లేస్తది.

అయితే గాలి లేకుంటే చావదంటవ్.

ఆగు. నేనొకటి చేసిన. తిట్టకు.

వడ్ల గుమ్మికి సందు లేకుంట పేడ మెత్తుతం గద… అవ్, లోపట పురుగు గాలాడక చస్తది. గట్లనే అనుకున్న. బాపు పండుకునే అర్ర కిటికీలు మూసిన. సందులల్ల పాత చీరె గుడ్డలు కుక్కిన. దగ్గు మొదలైనకాడి సంది… తలుపు గూడ… నవ్వుతున్నవా?… నవ్వుతలేవు. మరేంది, చెప్పు.

దగ్గింది దగ్గినట్టు అండ్లనే తిరుగుతదా? గాలి ఆడితే బయటికి పోయేదా?… తెరుస్తున్న, అర్రలనే ఉన్న. ఇగో, గుడ్డలు గుంజుతున్న. రెక్క బిగుసుకపోయింది… ఆ, వచ్చింది.

బాపా? లేడు. సాగర్ రోడ్డు మీదికి చాయ్‌కు పోయిండు.

అండ్ల ఇంకెవరు పండుకుంటరా?… ఎవరు పండుకుంటరు, బాపే…

హిమజ గూడ.

అరవకు! మీ వదిన కరుణ ప్లాట్లు అమ్మే ఆఫీసుకు పోతది, మీ అన్న డిపోకు పోతడు. వాళ్ల బిడ్డను సాదేది నేనే గద. చంటిపిల్ల, తాత ఎద మీద ఏస్తెనే కండ్లు మూస్తది… పుట్టినప్పుడే భుజానికి టీకా ఏయించినం!… ఏయించినా వస్తదా?

దగ్గలే. ఒక్కపారి గూడ దగ్గలే, దేవుని మీద ఒట్టు… జరమా? ఎచ్చగుంటుంది. పండ్లొస్తున్నయనుకున్న… కక్కుతుంది, అవ్. పాలు అరుగుతలేవని వాము నీళ్లు తాపిచ్చిన… ఏడ్సుడా? మొన్నటిదాక ఒకటే ఏడుపు, సంకలకెళ్లి దిగలే. ఇప్పుడు సల్లబడ్డది. పొద్దుగాల సంది పండుకునే ఉన్నది, నాకు పని గూడ సాగింది…

ఇగో, నా ముంగటనే ఉన్నది తొట్టెల్ల… నడినెత్తి మాడ మీదనా? చెయ్యి ఎందుకు?… పెడుతున్న. నూనె పెట్టేటప్పుడు రోజూ ముట్టుతనే ఉంట…

…

శివానీ. ఉబ్బింది.

ఎప్పుడూ మెత్తగుంటుండె. వేళ్ల కింద కొట్టుకుంటుండె… ఇప్పుడు బిర్రుగున్నది.

లేపుతున్న. హిమజా… చిన్నీ… అరికాలు గీరుతున్న… కండ్లు తెరిసింది. నా దిక్కు చూస్తలేదు. మీదికి చూస్తుంది. చిటికేస్తున్న, ఇటు తిరుగుతలేదు.

టీబీ మెదడుకెక్కిందేమోనా?… ఇప్పుడే పోవాల్నా? అన్న వచ్చినంక… వద్దా. బాపును?… ఆయన తర్వాత. సరే. పెద్ద దవాఖానకు. తాతకు టీబీ ఉండెనని పోంగనే చెప్పాలె. తాత పక్కనే పండుకున్నదని గూడ… చెప్త. దాయను.

ఒకటి అడుగుత బిడ్డా. పండుకుంటదన్నవ్ గద అది, ఏండ్లకేండ్లు. దీని ఒంట్ల గూడ పండుకునే ఉండొచ్చు గద?… ఉండొచ్చను. నువ్వు చదివినదానివి, ఒక్క మాటను…

శివానీ?

ఏడ్వకు. పిల్లను ఎత్తుకున్న. ఫోన్ పెట్టు, అంబులెన్సుకు చెయ్యాలె… పెట్టు బిడ్డా, పెట్టు—