అమెరికా నక్షలు

హలో… ఆ, నేనే… కాదు మేడం, సారు గాదు. సారు భార్యను, సుజితను. ఫోన్ ఛార్జింగుకు పెట్టి చర్చి కమిటీ మీటింగుకు పోయిండు… ఆ, వందనాలు.

పేరు చూసే ఎత్తిన. 'దీప టీచర్, జ్యోతినగర్' అని వస్తది గద… ఊకె వస్తనే ఉంటది.

ఏమన్నరు?… సారుకు పాణం ఎట్లుంది అంటున్నరా… ఎవలు చెప్పిన్రు మీకు?… అమెరికా లైబ్రరోళ్ళు మెయిల్ పెట్టిన్రా… 'ఇమ్మాన్యుయేల్ గారు ఆరోగ్యం బాగలేక ఈ పని మానుకున్నరు' అని… ఆయన సరిచూసే ఆ నక్షలు, పాత మ్యాపులు వేరేటోళ్ళకు ఇస్తున్నరా అప్పుడే…

లేదు మేడం, సారుకు ఏం గాలేదు. మంచిగ తింటున్నడు, తిరుగుతున్నడు.

ఆ మెయిల్ రాసింది నేను.

…

ఆ, నేనే. వారం కింద ఆయన కూరగాయలకు పోయినప్పుడు. కంప్యూటర్ తెరిచే పెట్టి పోయిండు. నేను సుత బడిల క్లర్కు చేసిన దాన్నే, నాలుగు ముక్కలు ఇంగ్లీషు రాయొస్తది… లేదు, ఆయనకు తెల్వదు ఇంక.

ఎందుకంటే ఏం చెప్పాలె… మీరు తప్పు చేసిన్రని అంటలేను. అసొంటి మాట నా నోట్లకెల్లి రాదు… ఆగున్రి మేడం, నన్ను చెప్పనియ్యిన్రి.

ఈయన ముప్పై ఏండ్లు సర్వే డిపార్ట్‌మెంట్ల చేసిండు. డ్యూటీ నుంచి వచ్చుడు, తానం చేసుడు, తినుడు, పేపర్ ముందలేసుకునుడు. 'ఇయ్యాల ఏం కొలిసిన్రు' అని అడిగితే 'ఏముంటది, రోజు ఉన్నదే' అనేది. గంతే. మనిషి తీరే అంత అనుకొని ఊకున్న.

ఇప్పుడేమో రిటైరైనంక చాయ తాగంగనే మీకు ఫోన్. ఆ అమెరికాల ఎవలో సర్వేయరు… ఇంగ్లండు రాజు ఏలుబడి ఉన్నప్పుడు అడివి కొలిసినోడు. వాడు చేత్తోని గీసిన నక్షల ఫోటోలు ఆ లైబ్రరోళ్ళు కంప్యూటర్ల పెడ్తె, ఇద్దరు చెరో ఇంట్ల ముందలేసుకొని, వాగు ఒంపు కాడికెల్లి హద్దుకు గీట్లు కొట్టిన ఓక్ చెట్టు దాక కొలత గొలుసుతోని ఎన్ని గొలుసుల దూరం… ఆ రాతల ఎస్సు అక్షరం ఎఫ్ లెక్క ఎందుకుంటది… గంటలకు గంటలు. నేను వంటింట్ల ఉల్లిగడ్డ కోసుకుంట వింటనే ఉంట.

నవ్వుతడు మేడం. నా పెనిమిటి గట్ల నవ్వుతడని నాకు ఇప్పుడే తెలిసింది.

ఆ… తెలుసు. మీరు రాత చదువుతరు, ఆయన గీతలు సరిచూస్తడు. ఇద్దరుంటేనే అయ్యే పని, నేను కాదంటలేను… నేనొకసారి పక్కపొంటి పోయి నిలవడ్డ. 'ఏందో నాకు సుత చూపియ్యు' అన్న. 'నీకు ఇసుగొస్తదిలే సుజిత' అన్నడు. మీకు రాని ఇసుగు నాకే ఎందుకొస్తది…

…ఏంది?… వారం సంది ఆయనే ఫోన్ చేస్తలేడా?… అందుకే మీరు మెయిల్ నిజమే అనుకున్నరు… ఆ, మా ఇంట్ల సుత సప్పుడు చేస్తలేడు. నేనేమో మీతోని ఏదో మాట పట్టింపు వచ్చిందనుకున్న. నిజం చెప్పాలంటే సంబురపడ్డ.

ఏ కాయితం చదివినంక?… నక్ష గాదు… ఆ సర్వేయరు సొంత కాయితాలల్లది… ఏమని ఉన్నది?

'రేవు దాటంగ గొలుసు పట్టే మనిషి కొట్టుకపోయిండు. గొలుసు దొరికింది.'

…గంతేనా? ఆ మనిషి పేరు సుత రాయలేదా…

మరి ఆయనేమన్నడు?… ఏడ్చిండా… ఫోన్లనే ఏడ్చిండా?

…ఏ పేరన్నరు?… కొమురెల్లా?

ఆ పేరు మీకెట్ల తెలుసు.

…మీకు చెప్పిండా.

ఉండున్రి. కూసుంట జర.

…

కొమురెల్లి మా ఇంట్ల అన్నం తిన్నోడు మేడం. ఈయన కింద చైన్‌మన్, కొలిసేటప్పుడు గొలుసు పట్టేది. వానకాలం వాగు కాడ సర్వేకు పోయి మళ్ళ రాలే. ఆ పొద్దు ఈయన తడిబట్టలతోని వచ్చి గడపల నిలవడి, 'కొమురెల్లి పోయిండు' అన్నడు. ఎట్ల పోయిండని అప్పుడు అడిగిన. తర్వాత అడిగిన. నిద్దట్ల ఉలిక్కిపడి లేసినప్పుడల్ల అడిగిన. చెప్పలే. ఆ వాగు దిక్కు పోవుడు ఆయన బంద్ చేసిండు, అడుగుడు నేను బంద్ చేసిన.

మీ నవ్వులు చూసే నేను కుళ్ళుకున్న. నవ్వు పోతే పోనీ… ఏడుపు సుత నీకే ఇచ్చిండా.

…లేదు, నేను ఏడుస్తలేను. …ఆ. నువ్వన్నది నిజమే కావచ్చు. కనవడని మనిషికి చెప్పుడు అల్కగ ఉంటదేమో. రోజు చూసే ముఖం ముందల నోరు పెగలదేమో…

ఒద్దు. ఒద్దు చెల్లె, చెప్పకు. ఆ వాగు కాడ ఏమైందో నీ నోట్లకెల్లి వింటే, ఆ ముచ్చట సుత నీదే అయితది. నాకు ఆయన చెప్పాలె. చెప్పకపోతే… చెప్పకపోతే ఇన్నేండ్లు ఉన్నట్టే ఉంట.

లైబ్రరోళ్ళకు నేనే రాస్త, అది నేను పెట్టిన అబద్ధమని. నక్షలు వాపస్ ఇస్తరా?… చెప్పలేమా… సరే. ఆయనకు సుత నేనే చెప్త. తిడ్తే పడ్త.

నీ మీద కోపమా?… పోయిందని ఎట్ల చెప్పాలె. ఉన్నది. లోపల మండుతనే ఉన్నది. గని నువ్వు ఫోన్ చేసుడు మంచిదైంది… ఆ, దేవుని దయ.

గేటు తీసిన సప్పుడైతుంది. వచ్చినట్టున్నడు… పెట్టకు, ఉండు.

ఇగో… ఆ, నీ ఫోనే. దీప టీచరు… ఫోన్ ఇప్పుడియ్య. కూసో ముందు. నీ అమెరికా పని నేనే చెడగొట్టిన, అది చెప్త. ఎంత తిడ్తవో తిట్టు… గది గాదు. కొమురెల్లి సంగతి అడుగుతున్న… ఆ, కొమురెల్లే. అంత తెల్వది నాకు. నువ్వే చెప్తవని, దీప చెప్పబోతే విననే లేదు.

…

…

దీపా… ఉన్నవా. సారు మాట్లాడ్తున్నడు… కాదు, నీతోని గాదు.

పెట్టేస్తున్న.