ఆరింటిలోగా ఎన్ని అడుగులు

హలో… ఆఁ అక్కా, నేనే, సుబ్బరత్నాన్నే… గొంతు మారిందా?… ఏడవట్లేదక్కా, రొప్పుతున్నా!… నవ్వుతూ రొప్పుతున్నా, అందుకే అలా వినపడుతోంది.

…పరుగు కాదు, నడక… ఆగి మాట్లాడమంటావా? ఆగానంటే కొంప మునుగుతుంది. నువ్వు మాట్లాడుతూ ఉండు, నేను నడుస్తూ ఉంటా.

టైమెంతయింది?… అయిదుంబావా! అమ్మో, ముప్పావు గంటే ఉంది.

…అవును, పందెం ఇవాళే. మీ అబ్బాయి కిరణ్‌కుమార్ చెప్పలేదా నీకు?… బాగుంది, వాడే కదా రిఫరీ! ఆరింటికి ఫోన్ చేసి ఇద్దరి అంకెలూ అడుగుతాడు. ఎవరిది ఎక్కువైతే వాళ్ళు గెలిచినట్టు.

…ఏం పందెమంటే — సరే, మొదట్నుంచీ చెప్తా. ఈ వీధి చివరికెళ్ళి తిరిగొచ్చేలోపు అయిపోతుంది.

పోయిన నెల మీ పటమటలో డాక్టరు గారికి చూపించాం కదా మీ మరిదిని… ఆఁ, షుగరుకే. ఆ రోజు మెట్లు దిగుతుంటే ఈయన చెప్పు జారిపోయింది. ఈయనకి తెలీలేదక్కా! ఒంటి చెప్పుతో రోడ్డు దాటి, దర్జాగా ఆటో ఎక్కి కూర్చున్నారు. నేను రెండో చెప్పు చేత్తో పట్టుకుని వెనకాల అరుచుకుంటూ…

నవ్వు, నవ్వు… నేనూ నవ్వాను అప్పుడు. ఇంటికొచ్చాక భయమేసింది. కాళ్ళకి స్పర్శ తగ్గుతోంది, జాగ్రత్త అని డాక్టరు గారు చెప్పింది ఇదేనన్నమాట అనుకున్నా. చాలా భయమేసిందక్కా, నీక్కూడా చెప్పలేదు.

…అదే! మగ్గం గుంటలోంచి లేచి రోజూ అరగంట నడవాలన్నారు డాక్టరు గారు. ఈయనేమో — "పొద్దస్తమానం మగ్గం చెక్కలు తొక్కుతూనే ఉన్నా, నా కాళ్ళు ఖాళీగా ఉన్నదెప్పుడు" అంటారు. అంటే కూర్చునే నడుస్తున్నారట!

…అప్పుడే మీవాడు ఆ డబ్బీలు రెండు తెచ్చిచ్చాడు. పెడోమీటరు. అగ్గిపెట్టెంత ఉంది. నడుముకి తగిలించుకుంటే అడుగులు అదే లెక్కపెట్టుకుంటుంది. "కొత్తగా మొదలుపెట్టేవాళ్ళకి రోజుకి మూడు వేలు చాలు పిన్నీ, నెమ్మదిగా పెంచుకోవచ్చు" అన్నాడు. నేను మొదటిరోజే నాలుగు వేలు నడిచేసి, పిక్కలు పట్టేసి, వేన్నీళ్ళ కాపడం పెట్టుకుంటూ కూడా వీధంతా చెప్పుకున్నా. సాయంత్రం ఈయన డబ్బీ తీసి చూస్తే ఎంతుందో చెప్పు…

కాదు… ఇంకా పైకి… ఊహూఁ, ఇంకా…

పదకొండు వేల ఆరొందలు!

గడప దాటలేదక్కా! గుంటలోంచి లేవలేదు!

…ఎలాగేమిటి, లుంగీకి తగిలిస్తే జారి గుంటలో పడుతోందని నూలుదారంతో కాలికి కట్టుకున్నారు. చెక్క తొక్కినప్పుడల్లా అదొక అడుగనుకుంది ఆ డబ్బీ. దానికేం తెలుసు పాపం, అది ఏ పార్కులో తిరిగేవాళ్ళ కోసమో చేసింది. నేతగాడి కాలికి కడతారని అనుకుని ఉంటారా!

…పోట్లాడకుండా ఉంటానా? కానీ ముందే నేను నోరు జారాను కదా. "మిషను ఎంత చూపిస్తే అంత, మళ్ళీ మాట మార్చేది లేదు" అని నేనే షరతు పెట్టా. ఆయన్ని కట్టేద్దామనుకుని నన్ను నేనే కట్టేసుకున్నా. ఇప్పుడు పెడనలో ఈయనే హీరో! "కోటిలింగం గారు వారం రోజుల్లో కూర్చున్నచోటే బెజవాడ దాకా నడిచేశారు" అని పక్కింటి వెంకటప్పయ్య గారు టీ కొట్టు దగ్గర ప్రచారం. ఈయన వింటూ మీసం దువ్వుకోవడం!

ఉండు… — ఏం లేదు అమలమ్మ గారూ, ఊరికే… ఆఁ, మళ్ళీ నేనే… తొమ్మిదోసారి… అలాగేనండీ, నా పేరు కూడా చేర్చండి!

…మా ఎదురింటి అమలమ్మ గారక్కా. చర్చికి ప్రార్థనకి వెళ్తున్నారు. నేను గెలవాలని ఒక మాట చెప్పమన్నా. ఎవరు చెప్తే ఏం, పని కావాలిగానీ.

ఎక్కడున్నా?… ఆఁ, పందెం. ఇవాళ ఒక్కరోజు, పొద్దున ఆరు నుంచి సాయంత్రం ఆరు. నేను గెలిస్తే రోజూ సాయంత్రం ఆయన మగ్గం దిగి, కాలవ గట్టు మీద వంతెన దాకా నాతో నడవాలి. నా పక్కన నడవాలి. ఓడిపోతే నేనింక నడక మాటే ఎత్తకూడదు. జన్మలో ఎత్తకూడదు.

…అలా ఒప్పుకోక ఏం చెయ్యను మరి. ఇంకో దారి దొరికితేగా.

…"పక్కన" అని ఎందుకా? హనుమాన్ జంక్షన్ సంగతి నీకు చెప్పలేదా?… చెప్పలేదా! అయ్యో, విను విను. మా ఆడపడుచు కూతురి పెళ్ళికి వెళ్ళాం కదా, జంక్షన్‌లో బస్సు దిగాం. మామూలుగానే ఈయన పది బారల ముందు, నేను వెనక. నా సంచి తెగి అరటిపళ్ళన్నీ కిందపడితే ఏరుకుంటూ నేను బస్సు దగ్గరే ఉండిపోయా. ఈయన వెనక్కి తిరిగి చూడకుండా మాట్లాడుకుంటూ పోతున్నారట — "తలనొప్పి తగ్గిందా, ఎండ దెబ్బేమో, కాస్త టీ తాగుదువుగాని" అని. ఎంత ప్రేమగానో! వెనకాల వస్తున్నది ఎవరో మహాతల్లి. నేను కట్టుకున్న రంగు చీరే కట్టుకుంది. రెండు టీలు చెప్పి, వెనక్కి చెయ్యి చాపి ఒకటి ఆవిడకిచ్చేశారు!

…తాగేసిందక్కా! తాగేసి, "తగ్గిందండీ" అందిట!

ఆగు, నాకు నవ్వొచ్చి అడుగు తప్పుతోంది… ఉండు…

ముప్పయ్యొక్కేళ్ళ కాపురంలో నాతో కబుర్లు చెబుతూ నడిచింది ఆ ఒక్కరోజే. ఆ రోజు కూడా వెనక నేను లేను.

…ఇప్పుడు ఎంతైందా? ఉండు, చీర మడతలోంచి తియ్యాలి… పదివేల తొమ్మిదొందల ఇరవై… మధ్యాహ్నం భోజనాల దగ్గర ఆయనది ఆరువేల ఎనిమిదొందలు, నాది అయిదువేలు కూడా లేదు. ఆయన చెయ్యి కడుక్కుని మళ్ళీ గుంటలో దిగారు, నేను గిన్నెలన్నా తోమకుండా మూడింటికల్లా రోడ్డెక్కా. ఇప్పటికి ఆయనది పదకొండు దాటే ఉంటుంది. దగ్గర్లోనే ఉన్నానక్కా! ఇంకో నాలుగు రౌండ్లు గట్టిగా వేశానంటే…

…చేత్తో ఊపాలా? ఛ, ఛ… చూశాన్లే. పొద్దున మజ్జిగ చిలికేటప్పుడు మణికట్టుకి కట్టుకున్నా. నలభై మూడు పడ్డాయి. మళ్ళీ మనసొప్పలేదు. ఆ నలభై మూడూ నేను తీసేసే చెప్తా కిరణ్‌కి… తీసేస్తానంటే తీసేస్తా… ఒకవేళ అచ్చం నలభై మూడుతోనే గెలిచానంటే అప్పుడు చూద్దాం.

…మా ఇంటి ముందుకొచ్చా. ఇదిగో, ఫోను కిటికీ వైపు పెడతాను, మగ్గం చప్పుడు విను. టకటకమని ఎలా దంచేస్తున్నారో…

వినపడిందా?… వినపడలేదా?

…నాకూ వినపడట్లేదు.

అక్కా, మగ్గం ఆగింది. ఈ వేళప్పుడు ఆగదే… తూలి పడ్డారా ఏంటి… నువ్వు లైన్లోనే ఉండు… ఏవండీ!… ఏవండీ!…

…అబ్బ. బానే ఉన్నారు. అరుస్తున్నారు… "కండెలేవీ" అని అరుస్తున్నారు…

అయ్యయ్యో! కండెలు! అక్కా, కండెలు చుట్టలేదు నేను!

…మగ్గం మీద అటూ ఇటూ పరిగెత్తే నాడె ఉంటుందే, దాన్లో పెట్టే నూలు కండెలు. రోజూ రాట్నం ముందు కూర్చుని చుట్టేది నేనే కదా. ఆయన నేస్తూ ఉంటారు, అయిపోయేలోపు నేను అందిస్తూ ఉంటా. ఇవాళ మూడింటి నుంచీ నేను వీధిలోనే ఉంటే ఎవరు చుడతారు? ఉన్నవన్నీ అయిపోయాయి. నాడె ఖాళీ. కండె లేకపోతే నేత లేదు, నేత లేకపోతే తొక్కడం లేదు…

…కావాలని చెయ్యలేదక్కా, నీ మీద ఒట్టు! గుర్తే లేదు! అంత తెలివుంటే మొదటిరోజే చేసేదాన్ని కదా!

— ఏవండీ, ఒక్క అరగంట! ఆరు కొట్టగానే వచ్చి చుట్టేస్తా… నాకిప్పుడు కుదరదండీ… మీరే చుట్టుకోండి, రాట్నం అక్కడే ఉంది…

…తనకి రాదట. ఎప్పుడో చిన్నప్పుడు వాళ్ళమ్మ నేర్పిందిట, మర్చిపోయారట. బయటికొస్తున్నారు. లుంగీ ఎగ్గట్టారు. బాగా కోపంగా ఉన్నారు. నేను కదులుతున్నా అక్కా.

…నా వెనకే వస్తున్నారు! గబగబా వస్తున్నారు!… ఆఁ, చెప్పులున్నాయి, చూశా. రెండూ ఉన్నాయి.

— అరవకండి, వింటున్నా!… నడుస్తూ కూడా వినపడుతుంది!… ఆగనండీ, ఆరింటి దాకా ఆగను!

అక్కా, వెంకటప్పయ్య గారు అరుగు మీద నిలబడి మరీ చూస్తున్నారు. చూడనీ. మేం కాలవ గట్టు ఎక్కేశాం. ఆయన ఇంకా కండెలు, కండెలు అంటూనే ఉన్నారు. గాలికి సగమే వినపడుతోంది…

ఉండు. ఆగారు.

వంగి కాలు చూసుకుంటున్నారు… ముల్లు గుచ్చుకుందేమో, తెలిసిందో లేదో… కాదు… డబ్బీ చూసుకుంటున్నారు అక్కా! మళ్ళీ నాలుగడుగులు వేశారు. మళ్ళీ వంగారు.

…"చెక్క మీద కన్నా నేల మీద తొందరగా పడుతున్నాయే" అంటున్నారు!

అక్కా… ష్… నువ్వేం మాట్లాడకు. నన్నొకటి చెయ్యనీ.

— ఏవండీ, పదండి ఇంటికి. పాపం చీర సగంలో ఆగింది, కండెలు చుట్టిపెడతా… వద్దులెండి, పందెం లేదు ఏం లేదు, పదండి…

…విన్నావా? "ఓడిపోతానని భయం పట్టుకుందా" అంటున్నారు! నన్ను!

— నాకేం భయం! వంతెన దాకా మీరు నడవలేరని అంటున్నా… మీ వల్ల కాదండీ, గుంటలో కూర్చుని తొక్కినంత సులువా ఇది…

అయిపోయిందక్కా, అంటుకుంది. నన్ను దాటి పోతున్నారు. వద్దు, దాటనివ్వను… ఆఁ, అందుకున్నా.

…లెక్కా? — ఏవండీ, మీదెంత?… పదకొండు వేల నాలుగొందల పది. నాది పదకొండు వేల రెండొందలు… ఎలా గెలుస్తానక్కా, నేనొకటి వేస్తే ఆయనొకటి వేస్తున్నారు. నేను తొందరగా వేస్తే ఆయనా తొందరగా వేస్తున్నారు. ఈ రెండొందలు ఆరింటి దాకా ఇలాగే ఉండిపోతాయి.

…ఎందుకు నవ్వుతున్నావ్?… ఓడిపోతున్నానంటే నవ్వుతావేంటి…

…ఆఁ. పక్కనే ఉన్నారు… మోచెయ్యి తగులుతోంది… అవునక్కా…

…తెలుసు. నాకూ ఇప్పుడే తెలిసింది. గట్టిగా అనకు, వింటారు. నాకు ఏడుపొస్తోందక్కా… కాదు, నవ్వే… రెండూ వస్తున్నాయి.

…కానీ రేపో? ఓడిపోతే నేను మళ్ళీ అడగకూడదు కదా. ఒట్టేశా. ఇవాళ్టితో సరి… ఏదో ఒక్కరోజు నడిచారు, అదే పదివేలు అనుకోవాలి…

ఉండు, ఏదో అంటున్నారు. — ఏంటండీ?… ఏమన్నారు, మళ్ళీ చెప్పండి?

…

అక్కా! అక్కా, ఉన్నావా? ఏమన్నారో తెలుసా? పొద్దున నేత, సాయంత్రం ఈ నడక, రెండూ కలిపితే పదిహేను వేలు దాటుతాయట! రేపు వంతెన అవతలి గట్టు దాకా పోతారట! వెంకటప్పయ్య గారికి ఇరవై వేలు చూపించి తీరాలట! నన్ను అయిదింటికల్లా కండెలు చుట్టేసి రెడీగా ఉండమంటున్నారు!

…నేనా? నేను నోరు విప్పానా? ఒక్క ముక్క అన్నానా? నడక మాట నేను ఎత్తకూడదు గానీ, ఆయన ఎత్తొచ్చుగా!

…ఆఁ, అయిదూ యాభై ఎనిమిది. కిరణ్‌ని ఫోన్ చెయ్యొద్దను. మీ పిన్ని చిత్తుగా ఓడిపోయిందని రాసుకోమను… నలభై మూడు కూడా తీసేసుకోమను, నాకొద్దు!

ఉంటానక్కా. పెట్టేస్తున్నా. అడుగు కలపట్లేదని కేకలేస్తున్నారు.

— వస్తున్నానండీ…