తమాషాకు పదడుగుల దూరం

ధర్మవరంలో పొద్దున ఏడు గంటలు. షుగరు డాక్టరు చెప్పిన నడక ముగించుకుని నఫీసా ఇల్లు చేరింది. మొగుడు అష్రఫ్ అప్పటికే మగ్గం గుంతలో కాళ్ళు పెట్టుకుని కూర్చున్నాడు.

"ఏం తమాషా జరిగిందని నవ్వుకుంటా వస్తాండావు?"

"తమాషానే. ఆ మాటకు అర్థమేందో తెలుసునా నీకు?"

"ఎందుకు తెల్దు? సినిమా, సర్కసు, ఉరుసులో రంగులరాట్నం."

"అది ఇప్పటి సంగతి. అరబ్బీలో మొదట దానర్థం కలిసి నడిచేదంట. అట్ల నడస్తా నడస్తా వింతలు చూసేవాళ్ళంట. రాన్రాను నడక పోయి, చూసేదొకటే మిగిలిందంట."

"ఎవురు చెప్పినారు?"

"నాతో నడకకొచ్చే షాహిస్తా వాళ్ళన్న."

"ఆ షాకిర్ సారా? బడిలో పిల్లోళ్ళు లేరా ఆయప్పకు, నీకు పాఠం చెప్పేదానికి?"

"షాహిస్తా కూడా ఉండాది గదా మధ్యలో."

"యాడ మధ్యలో? నిన్న రైలుగేటుకాడ ఆయమ్మ ఫోను మాట్లాడతా ఎనకబడె. ముందర మీరిద్దరే. పక్కపక్కన."

"నువ్వెట్ల చూస్తివి?"

"ఎవరో చెప్పినారు."

"ఎవరో అంటే?"

"ఎవరో. నాకు కడుపు మండుతాండాది నఫీసా, అబద్ధమెందుకు."

"పెండ్లయి పద్దెనిమిదేండ్లు. కదిరికి పోయినా, ఉరుసుకు పోయినా నువ్వు పదడుగులు ముందు, నేను ఎనక. నీ వీపు తప్ప ఏం చూస్తి నేను?"

"మా నాయనా అట్లే నడిచె. మనిండ్లల్లో అందరూ అంతే. మగ్గం కాడ పక్కన కూర్చోబెట్టుకోలేదా నిన్ను?"

"చీర రెండో అంచుకు ఆ పక్కనుంచి దారం నాడె ఏసే మనిషి కావాల గాబట్టి."

"అదంతా వద్దు. రేపట్నుంచి పోవద్దు."

"సరే, పోను. అది సరేగానీ, కూర్చున్న మనిషివి, ఎందుకింత చెమట?"

"ఉక్క."

"నెత్తిమింద ఫ్యాను తిరుగుతాండాది గదా."

"నేను నిన్ను అడుగుతాంటే నువ్వు నన్ను అడుగుతావేంది?"

"సందుల్లో పడి పరిగెత్తుకొస్తే చెమట పట్టక ఏమవుతాది? పది దినాల్నుంచి నా ఎనక, పదడుగుల్లో వస్తాండావు. నేను చూడలేదనుకుంటివా?"

"చూసినావా? మరి చెప్పలేదే?"

"చెప్తే ఆడనే నిలబడిపోతావని. గేటుకాడనే ఎనక్కి తిరుక్కునేదాన్ని, నువ్వొస్తాండావనే గదా నడక స్టేషను దాకా పొడిగిస్తి."