రెండు పేర్ల పేటెంటు: శ్రీ పొట్నూరు జగ్గారావు గారి ముప్పై రెండేళ్ల కృషి

1956 ఏప్రిల్ 9వ తేదీ సోమవారం నాడు, కాకినాడలో మెకానికల్ ఇంజనీరింగ్ డిప్లొమా పూర్తిచేసిన ఇరవయ్యారేళ్ల యువకుడు శ్రీ పొట్నూరు జగ్గారావు గారు మా సింగ్‌భూమ్ స్ప్రింగ్స్ కర్మాగారంలో సూపర్‌వైజరుగా చేరారు. అప్పటికి మనది టాటానగర్ పక్కన జుగ్సలాయిలో రేకులషెడ్డు, రెండు కొలుములు, నలభైమంది కార్మికులు. టాటానగర్ రైల్వేలో పాయింట్స్‌మన్‌గా పనిచేసిన తండ్రి గారి క్రమశిక్షణ, ఉత్తరాంధ్ర నుంచి వెంట తెచ్చుకున్న నిరాడంబరత, ఈ రెండింటినీ పెట్టుబడిగా చేసుకొని వారు ఈ సంస్థలో ఎదిగారు, సంస్థను తమతోపాటు పెంచారు. పగలు ఉద్యోగం చేస్తూ, తెల్లవారుజామున లేచి చదువుకొని 1963లో ఇంజనీరింగ్ పట్టాతో సమానమైన పరీక్ష ఉత్తీర్ణులయ్యారు. 1969లో కర్మాగారం ఖర్కాయి నది దాటి ఆదిత్యపూర్‌కు తరలినప్పుడు ప్రతి యంత్రానికీ పునాది కొలతలు వారే స్వయంగా గీశారు. డ్రాయింగ్ ఆఫీసులో వారి ఎదుటి బల్ల నాది కనుక, ఆ గీతలను శుభ్రప్రతిగా దిద్దే భాగ్యం నాకు దక్కింది.

ఈనాడు మనం గర్వంగా చెప్పుకొనే మొదటి ఆవిష్కరణ 1971లో ఒక ఫిర్యాదుతో మొదలైంది. ఇనుపరాయి మోసే లారీల కింద మనం తయారుచేసిన కమాను పట్టీలు తరచుగా విరిగిపోతున్నాయని వాడకందార్లు ఉత్తరాలు రాశారు. బండి బరువును మోస్తూ కుదుపులను తట్టుకొనేందుకు ఒకదానిపై ఒకటి పేర్చిన ఉక్కు బద్దీలే ఈ పట్టీలు. అవి పక్కకు జరగకుండా అన్నింటికీ నడుమ రంధ్రం చేసి బోల్టు బిగించేవారు. జగ్గారావు గారు ఆదివారాలు చాయిబాసా దారిలోని గ్యారేజీలన్నీ తిరిగి, నూట నలభై మూడు విరిగిన పట్టీలు సేకరించి, ఒక్కొక్కదానిపై సుద్దతో అంకె వేసి పరిశీలించారు. వాటిలో నూటికి పైగా ఆ నడిమి రంధ్రం దగ్గరే విరిగాయి. మందం పెంచితే బరువు పెరుగుతుంది, రంధ్రం తీసేస్తే పట్టీలు నిలవవు. మూడు నెలలపాటు వారికి దారి తోచలేదు.

ఒకనాటి మధ్యాహ్నం కొలుముశాలలో, విరిగిన ముక్కను చేతపట్టుకొని నిలబడిన జగ్గారావు గారిని చూసి, సమ్మెట పక్కనపెట్టి మా తవిటయ్య అడిగాడు. శ్రీకాకుళం జిల్లా నుంచి వచ్చి పదిహేనేళ్లుగా మన కొలుములో పనిచేస్తున్నవాడు, అక్షరం ముక్క రానివాడు.

"ఏటి బాబూ, అలా సూత్తన్నారు?"

"ఎన్ని చేసినా ఇక్కడే విరుగుతోంది తవిటయ్యా."

"బెజ్జమెట్టినకాడే ఇనుము నీరసపడిపోతాది బాబూ. అసలు బెజ్జమెందుకు? ఎర్రగా ఉన్నప్పుడే నడుమ గుంట కొట్టీండి. పైదాని గుంట కిందదాని గుంటలో కూకుంటాది. ఏ పట్టీ ఎటూ జరగదు."

మరునాడే ప్రయోగాలు ప్రారంభమయ్యాయి. మొదటి గుంటలు అంచుల వద్ద చిట్లాయి. అంచు ఎంత గుండ్రంగా ఉండాలో, లోతు ఎంతకు మించరాదో, ఏ వేడిలో అచ్చు దించాలో వారు లెక్క కట్టారు. ఆ లెక్కను ఇనుములోకి దించినవాడు తవిటయ్య. పద్నాలుగు నెలల తర్వాత, ఆ పట్టీలు అమర్చిన లారీని డ్రైవరు బంగార్రాజు నలభై వేల కిలోమీటర్లు నడిపి తీసుకువచ్చినప్పుడు వాటిలో ఒక్కటి కూడా విరగలేదు.

1973 మే నెలలో పేటెంటుకు దరఖాస్తు సిద్ధమైంది. నెలాఖరున కొనుగోలుదారుల ఎదుట పట్టీలను బహిరంగంగా ప్రదర్శించవలసి ఉంది. ప్రదర్శనకు ముందే దరఖాస్తు కలకత్తా కార్యాలయానికి చేరకపోతే హక్కు చేజారుతుంది. మిగిలినవి పదకొండు రోజులు. కాగితాలమీద ఆవిష్కర్తగా ఒక్క జగ్గారావు గారి పేరే ఉంది. వారు సంతకం పెట్టలేదు.

అప్పటి మా ముఖ్య ఇంజనీరు శ్రీ నారాయణమూర్తి గారు వారిని పిలిపించారు. ఆ సంభాషణ సమయంలో పటాలు పట్టుకొని నేను అక్కడే ఉన్నాను. ఇది రాయడానికి నారాయణమూర్తి గారే సంతోషంగా అనుమతించారు.

"కొలుములో సమ్మెట కొట్టేవాడు ఆవిష్కర్త ఎలా అవుతాడు జగ్గారావు గారూ? పై ఆఫీసు నవ్వదూ? బహుమానం ఏదైనా ఇప్పిద్దాం, ముందు సంతకం పెట్టండి."

"నిజమైన తొలి ఆవిష్కర్తను నేనేనని ఇందులో ప్రమాణం చెయ్యాలి సార్. లెక్క నాది, ఒప్పుకుంటాను. బెజ్జం వద్దన్నది తవిటయ్య. ఒక్క నా పేరే పెడితే నేను అబద్ధానికి సంతకం పెట్టినట్టు."

"గడువు దాటితే మీ రెండేళ్ల కష్టం పోతుంది. మీ ప్రమోషను కాగితం కూడా నా బల్లమీదే ఉంది."

"తెలుసు సార్. పోతే పోనివ్వండి."

ఆ గొంతులో కోపం లేదు. ముగ్గురు పిల్లల చదువు నెత్తిమీద ఉన్న మనిషి ఆయన. నారాయణమూర్తి గారు లేచి, ఎవరికీ చెప్పకుండా నేరుగా కొలుముశాలకు నడిచారు. రంధ్రం ఎందుకు వద్దన్నావో చూపించమని తవిటయ్యను అడిగారు. తవిటయ్య రెండు బద్దీలు కాల్చి, ఒకదానికి బెజ్జం పెట్టి, మరొకదానికి గుంట కొట్టి, చల్లార్చి, రెండింటినీ దిమ్మకు బిగించి వంచాడు. మొదటిది టప్పున విరిగింది, రెండోది వంగింది గానీ విరగలేదు. తిరిగివచ్చిన నారాయణమూర్తి గారు తమ కలంతోనే దరఖాస్తులో రెండో పేరు చేర్చారు.

వేలిముద్ర వేస్తే చాలునని మేమందరం అన్నాం. తవిటయ్య ఒప్పుకోలేదు. "ఏలిముద్దర కాదు బాబూ. నా పేరు నేనే రాత్తాను" అన్నాడు. ఆరో తరగతి చదువుతున్న కూతురు చిన్నమ్మి పలక తెచ్చి, "ఐసే నహీ నాన్నా, ఐసే" అని బడి హిందీలో సరిచేస్తూ వారం రోజులు దిద్దించింది. సంతకం పెట్టిననాడు కొలుముశాలలో పని ఆగింది, అందరూ చుట్టూ చేరారు. 'తవిటయ్య' అని నాలుగు అక్షరాలు రాయడానికి ఎంత సమయం పట్టిందో చెప్పలేను కానీ, ఆఖరి అక్షరం పూర్తికాగానే లేచిన చప్పట్లు గేటు దాకా వినిపించాయి. ఆ కాగితాలు పట్టుకొని నేనే రైలెక్కి, గడువుకు రెండు రోజుల ముందు కలకత్తాలో దాఖలు చేసి వచ్చాను. 1975లో పేటెంటు మంజూరయింది. జగ్గారావు గారి ప్రమోషను ఒక సంవత్సరం ఆలస్యమైనా, వచ్చింది.

రెండో పేటెంటు కథ మరింత సరదాగా ఉంటుంది. బరువుతో నిలకడగా పోయే లారీ, ఖాళీగా తిరిగివచ్చేటప్పుడు విపరీతంగా ఎగిరిపడేది. "ఖాళీ బండి తోల్తే నడుం ఇరిగిపోతంది సార్" అని బంగార్రాజు మొరపెట్టుకున్నాడు. బరువు పెరిగేకొద్దీ మెల్లమెల్లగా ఆనుకొనే సహాయక పట్టీని, వంపు తిరిగిన ఆసరాలతో జగ్గారావు గారు రూపొందించారు. కుదుపు కొలిచే పరికరం బొంబాయిలో మరమ్మతులో ఉండడంతో, సిద్ధగోరాలోని తమ ఇంటినుంచి నిండు బిందె తెచ్చి లారీలో పెట్టించి, చాయిబాసా వెళ్లివచ్చేసరికి ఎన్ని నీళ్లు మిగిలాయో కొలవసాగారు. నాలుగో రోజున వారి శ్రీమతి సూర్యకాంతం గారు స్వయంగా ఫ్యాక్టరీ గేటు దగ్గరికి వచ్చారు.

"ఏటండీ ఇది? బిందె లారీలో ఊరేగుతుంటే కుళాయి నీళ్లు నేను దేన్లో పట్టాలి?"

"ఇంకొక్క రెండు రోజులు. నీ బిందెకి పెద్ద ఉద్యోగం వచ్చింది."

"అయితే ఆ కాయితంలో దాని పేరు కూడా ఎయ్యండి మరి!"

గేటు దగ్గరున్నవారంతా నవ్వారు, అందరికంటే ఎక్కువగా జగ్గారావు గారే నవ్వారు. ఆరో నమూనాకు ముప్పాతిక బిందె నీళ్లు నిలిచాయి. 1981లో పేటెంటు వచ్చింది. ఆ నెల జీతంతో సూర్యకాంతం గారికి కొత్త ఇత్తడి బిందె కూడా వచ్చింది.

ఈ ముప్పై రెండేళ్లలో వారు ఎవరినీ ఏకవచనంతో గద్దించగా నేను వినలేదు. తప్పు జరిగితే ముందు కొలతలు అడిగేవారు, ఆ తరువాతే మనిషిని అడిగేవారు. ఆ రెండు పేర్ల దరఖాస్తు తరువాత మన కర్మాగారంలో ఒక నియమం స్థిరపడింది. కొత్త ఆలోచన ఎవరిదైనా, చెప్పినవారి పేరు పటం అడుగున రాస్తాం. గత పదిహేనేళ్లలో అలా డెబ్బయి ఒక్క పేర్లు రాశాం. వాటిలో నలభై కార్మికులవి.

ఈ మార్చి 31న వారు పదవీ విరమణ చేస్తున్నారు. ఆదిత్యపూర్‌లోని చిన్న కర్మాగారాలవారు సలహాలకోసం అప్పుడే ఇంటిచుట్టూ తిరుగుతున్నారని, ముందు సోనారిలోని కూతురి ఇంట మనవరాలితో నెల రోజులు గడపాలని సూర్యకాంతం గారు ఆజ్ఞాపించారని తెలిసింది. ఆ ఆజ్ఞ నెగ్గాలని మా అందరి కోరిక. ఇకపై ఉదయం ఫ్యాక్టరీ భోంపు సైరను మోగినప్పుడు మేము పరుగులు తీస్తూ ఉంటాము. అదే సమయంలో శ్రీ జగ్గారావు గారు తమ వరండాలో కూర్చొని, సూర్యకాంతం గారు అందించిన రెండో గ్లాసు కాఫీని తీరుబడిగా తాగుతూ ఉండాలి. అటువంటి ఉదయాలు, నొప్పి తెలియని శరీరంతో, నవ్వు తగ్గని మనసుతో, ఆ దంపతులకు లెక్కలేనన్ని కలగాలని హృదయపూర్వకంగా ఆకాంక్షిస్తున్నాము.

— కొమ్మూరి సీతారాం, డ్రాయింగ్ ఆఫీసు